పాతదా, కొత్తదా? ల్యాప్‌టాపు ఆపరేటింగ్ సిస్టముల గుణదోష విచారణ

ల్యాప్‌టాపు అను యంత్రమున రెండు భాగములు కలవు. చేతికి తగులునది ఒకటి, తగలనిది ఒకటి. ప్రాసెసరు, మెమరీ, డిస్కు, తెర, మీటలు మొదటి కోవకు చెందును. ఈ వస్తువులన్నిటిని కూర్చి పనిచేయించు ఆజ్ఞల సముదాయము రెండవ కోవకు చెందును. దానికే ఆపరేటింగ్ సిస్టము అని పేరు. మీట నొక్కగానే అక్షరము తెరపైకి వచ్చుట, తయారుచేసిన ప్రశ్నపత్రము డిస్కులో భద్రమగుట, ప్రింటరు కదలుట మొదలగునవన్నియు దాని చేతిమీదుగా జరుగు పనులే. గంట కొట్టించి, తరగతులకు గదులు పంచి, ఏ ఉపాధ్యాయుడు ఏ వేళకు ఎక్కడ ఉండవలెనో నిర్ణయించు ప్రధానోపాధ్యాయుని వంటిది ఈ సిస్టము. బడి భవనము ఎంత గట్టిదైనను, ఆ స్థానము సరిగా నడువనిచో చదువు సాగదు.

ఈ సిస్టము విషయమున ఒక ప్రశ్న 2025వ సంవత్సరమున ఇంటింటికి వచ్చినది. 2015 జూలై 29న వెలువడిన విండోస్ 10 అను సిస్టమునకు ఉచితముగా లభించుచుండిన భద్రతా సవరణలు 2025 అక్టోబరు 14తో ముగిసినవి. దాని తరువాతిదైన విండోస్ 11 అంతకు ముందే, 2021 అక్టోబరు 5న, విడుదలైనది. మార్కాపురము, కంభము, గిద్దలూరు, ఎర్రగొండపాలెము, కనిగిరి ప్రాంతములలో ల్యాప్‌టాపు గల ఉపాధ్యాయునకును, విద్యార్థికిని ఇప్పుడు తేల్చుకొనవలసిన సంగతి ఇది: పాతదానితోనే కాలక్షేపము చేయుటయా? కొత్తదానికి మారుటయా? మారుటకు యంత్రమే అంగీకరింపనిచో కొత్త యంత్రము కొనుటయా?

వర్షాధారపు సేద్యము అధికముగాగల ఈ మెట్ట ప్రాంతమున ల్యాప్‌టాపు కొనుట ఏ కుటుంబమునకును చిన్న ఖర్చు కాదు. హైదరాబాదు, బెంగుళూరు కార్యాలయములలో వాడి విడిచిన యంత్రములను బాగుచేయించి అమ్మగా, వానిని కొనువారు కలరు. కావున ఈ ప్రశ్నకు తప్పు సమాధానము చెప్పుకొన్నచో నష్టము రెండు విధములుగా కలుగవచ్చును. పనికివచ్చు యంత్రమును పారవేసి డబ్బు పోగొట్టుకొనుట ఒకటి. రక్షణ లేని సిస్టమును నమ్మి, సంవత్సరముల తరబడి కూర్చిన పాఠములను, మార్కుల పట్టికలను పోగొట్టుకొనుట మరియొకటి.

ఈ విషయమున రెండు వాదములు వినవచ్చుచున్నవి. “పాతది అలవాటైనది, చక్కగా నడుచుచున్నది, కదపవలదు” అనునది మొదటిది. “కొత్తది వచ్చిన పిమ్మట పాతది పనికిరాదు” అనునది రెండవది. రెండింటిలోను సగము సత్యమే కలదు. ఆ సగములను వేరుచేసి చూచుట అవసరము.

మద్దతు ముగియుట అనగా నేమి?

మద్దతు ముగిసిననాడు ల్యాప్‌టాపు ఆగిపోదు. అంతకు ముందువలెనే తెరచుకొనును, వ్రాయును, లెక్కించును, అచ్చువేయును. ఆగిపోవునది మరమ్మతు మాత్రమే. ఆపరేటింగ్ సిస్టము కోట్లాది ఆజ్ఞల పంక్తులతో కూర్చబడిన రచన. అంతటి రచనలో తప్పులు ఉండక తప్పదు. వానిలో కొన్ని తప్పులు బయటివాడు లోనికి చొరబడుటకు దారి ఇచ్చును. తయారీదారు అట్టి దారులను కనుగొని నెలనెలా పూడ్చుచుండును. మద్దతు ముగిసిన పిమ్మట కనుగొనబడు దారి పూడ్చబడక మిగిలిపోవును.

కంభము చెరువును ఎరిగినవారికి ఇది సులభముగా బోధపడును. గుండ్లకమ్మ నదికి కొండల నడుమ కట్టవేసి విజయనగర కాలమున నిర్మించిన ఆ చెరువు శతాబ్దములు గడచినను నిలిచియున్నది. అంతర్జాతీయ నీటిపారుదల, మురుగుపారుదల సంఘము 2020లో దానిని ప్రపంచ వారసత్వ కట్టడముగా గుర్తించినది. అట్టి కట్ట నిలుచుటకు రాతి బలము ఒక్కటే చాలదు. తూములు, అలుగు, కట్ట చూచుకొనువారు ఉండవలెను. వారు మానుకొన్న మరునాడే కట్ట తెగదు. ఒక బొరియ పడును, అది పెరుగును, పెద్దవాన వచ్చిననాడు దాని ఫలము కనబడును. విండోస్ 10 విషయమును ఇట్లే గ్రహింపవలెను. అక్టోబరు 15న అది చెడిపోలేదు. కాని కట్ట చూచువాడు సెలవు తీసుకొనినాడు.

ఈ పోలికలో ఇంకొక అంశము కలదు. చెరువులు గొలుసుకట్టుగా ఉన్నచోట పై చెరువు తెగినచో క్రింది చెరువునకును ముప్పే. పాఠశాలలో ఒకే వై-ఫైకి తగిలించిన కంప్యూటర్లు కూడ గొలుసుకట్టు చెరువులవంటివే. “నా యంత్రములో దొంగిలింపదగినది ఏమియు లేదు” అనువాని యంత్రము ప్రక్కవాని యంత్రమునకు దారి కాగలదు.

2017 నేర్పిన పాఠము

2017 మే 12న వన్నాక్రై అను హానికర ప్రోగ్రాము లోకమంతట వ్యాపించినది. అది యంత్రములోని ఫైళ్ళన్నిటిని సంకేతలిపిలోనికి మార్చి, తిరిగి ఇచ్చుటకు 300 డాలర్లు కోరినది. 150 దేశములలో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లు దానికి చిక్కినవి. బ్రిటనులో ఆసుపత్రులు శస్త్రచికిత్సలను వాయిదా వేసినవి. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖకు చెందిన కొన్ని కంప్యూటర్లును దాని బారిన పడినవి.

ఈ ఉదంతమును “పాత సిస్టముల వలన వచ్చిన ముప్పు” అని చెప్పుట వాడుక అయినది. పరిశీలించినచో సంగతి వేరుగా కనబడును. ఆ ప్రోగ్రాము చొరబడిన దారిని మూయు సవరణ 2017 మార్చి 14ననే విడుదలైనది, అనగా దాడికి 59 దినములు ముందుగా. దెబ్బతిన్న యంత్రములలో అత్యధిక భాగము విండోస్ 7తో నడుచునవి. ఆనాటికి విండోస్ 7కు మద్దతు కొనసాగుచునే యుండినది. దాని మద్దతు ముగిసినది 2020 జనవరి 14న మాత్రమే. అనగా మందు చేతికి అందినను మ్రింగనివారే ఎక్కువగా జబ్బుపడిరి.

కావున వయస్సు ఒక్కటే దోషము కాదు. సవరణ లభించినను వేసుకొనకుండుట మొదటి దోషము, సవరణయే లభింపకుండుట రెండవ దోషము. కొత్త సిస్టము రెండవదానిని మాత్రమే తొలగింపగలదు. మొదటిది మనిషి అలవాటునకు సంబంధించినది. “అప్‌డేటు” అను మాట తెరపై కనబడగానే “తరువాత” అని నొక్కువాడు విండోస్ 11 కొన్నను విండోస్ 7 నాటి స్థితిలోనే ఉండును.

కొత్త సిస్టము కోరు అర్హతలు

విండోస్ 11 అన్ని యంత్రములను అంగీకరింపదు. కనీసము 4 జి.బి. మెమరీ, 64 జి.బి. డిస్కు, 64 బిట్ల ప్రాసెసరు కావలెను. వీనితోబాటు రెండు భద్రతా సాధనములు తప్పనిసరి. టి.పి.ఎం. 2.0 అనునది మొదటిది. రహస్య తాళపుచెవులను ఇతర ప్రోగ్రాములకు అందకుండ దాచు చిన్న పెట్టె ఇది. ఒక్కొక్కచోట విడి చిప్పుగాను, ఒక్కొక్కచోట ప్రాసెసరులో అంతర్భాగముగాను ఉండును. సెక్యూర్ బూట్ అనునది రెండవది. యంత్రము మేల్కొనునప్పుడు మొదట ప్రవేశించు ప్రోగ్రాము అధికృతమైనదా కాదా అని సంతకము సరిచూచు ఏర్పాటు ఇది. సిస్టము ఇంకను నిద్రలేవక ముందే చొరబడు దొంగలను ఇవి అడ్డగించును. ఈ కోరికలు నిరర్థకములు కావు.

విమర్శింపవలసినది ప్రాసెసరు విషయమున గీచిన గీతను. ఇంటెల్ ప్రాసెసర్లలో 8వ తరము మొదలుకొనియే విండోస్ 11 అంగీకరించును. 2017 ప్రాంతమున అమ్ముడుపోయిన 7వ తరపు యంత్రములు కొన్నిటిలో టి.పి.ఎం. 2.0 ఉన్నను, అవి జాబితాలో చేరలేదు. అయితే 7వ తరములో ఐ7-7820హెచ్‌క్యూ అను ప్రాసెసరుకు మినహాయింపు లభించినది. మైక్రోసాఫ్టు సంస్థ స్వయముగా అమ్మిన సర్ఫేస్ స్టూడియో 2 అను యంత్రములో ఉన్నది ఆ ప్రాసెసరే! ఈ మినహాయింపును చూచినప్పుడు, ఆ గీత శాస్త్రదృష్టితోబాటు వ్యాపారదృష్టితోను గీయబడినదను అనుమానము కలుగుట సహజము.

మార్కాపురము పలకలకు పేరొందిన ఊరు. బంకమట్టి నేలలోతున ఒత్తిడికి, వేడిమికి లోనై ఏర్పడిన శిల పలకరాయి. ఆ ఒత్తిడికి అడ్డముగా సన్నని ఖనిజపు రేకులు పరచుకొనియుండుటచే అది పలుచని బిళ్ళలుగా చీలును. అన్న వ్రాసి విడిచిన పలకమీద తమ్ముడు వ్రాసెను. కొత్త బలపము వచ్చినదని పలకను పారవేసినవారు లేరు. ల్యాప్‌టాపు విషయమున మాత్రము బలపమే పలకను కాదనుచున్నది. అయినను ఈ పోలికను ఎంతో దూరము సాగదీయరాదు. పలకపై వ్రాసినదానిని పొరుగూరి దొంగ చదువలేడు. ఇంటర్నెట్టుకు తగిలించిన యంత్రములోనిదానిని చదువగలడు. పలకకు లేని ముప్పు ల్యాప్‌టాపునకు కలదు గనుక, పలకకు లేని నియమము దానికి కొంత అవసరమే.

ఈ గీత ఫలితము చిన్నది కాదు. విండోస్ 10 మద్దతు ముగియుటవలన సుమారు 24 కోట్ల కంప్యూటర్లు చెత్తలో చేరగలవని కెనాలిస్ అను పరిశోధన సంస్థ 2023 డిసెంబరులో అంచనా వేసినది. ఆ చెత్తలో సీసము వంటి విషలోహములు కలవు. విద్యుత్పరికరముల చెత్తను గురించి భారతదేశమున 2023 ఏప్రిల్ 1 నుండి కొత్త నిబంధనలు అమలులోనికి వచ్చినవి. కాని అన్నిటికంటె మేలైన నిబంధన పనిచేయు యంత్రమును పనిచేయనిచ్చుటయే.

మందకొడితనము ఎవరి తప్పు?

“యంత్రము నెమ్మదించినది, కనుక సిస్టము మార్చవలెను” అనుట తరచుగా వినవచ్చు మాట. ఈ మాటలో కార్యమునకు తగని కారణము ఆరోపింపబడినది. విద్యార్థులు ఒక చిన్న లెక్క చేసి చూడవచ్చును.

పాత ల్యాప్‌టాపులలోని తిరుగుడు డిస్కు సాధారణముగా నిమిషమునకు 5,400 సార్లు తిరుగును. అనగా సెకనునకు 90 సార్లు. కావలసిన అంశము చదువుసూది క్రిందికి వచ్చుటకు సగటున సగము చుట్టు తిరుగవలెను. ఒక చుట్టుకు 11.1 మిల్లీసెకన్లు, సగము చుట్టుకు 5.6 మిల్లీసెకన్లు. సూదిని మోయు చేయి సరియైన వలయమునకు జరుగుటకు ఇంకొక 10 మిల్లీసెకన్లు అనుకొందము. మొత్తము 15.6 మిల్లీసెకన్లు. అనగా చెల్లాచెదరుగానున్న అంశములను సెకనునకు 64 కంటె ఎక్కువ తీయలేదు. సిస్టము మేల్కొనునప్పుడు వేలకొలది చిన్న అంశములను తీయవలసియుండును. కదలు భాగములు లేని ఎస్.ఎస్.డి. అను డిస్కు అదే పనిని సెకనునకు వేలకొలదిగా చేయును.

కావున తిరుగుడు డిస్కు, 4 జి.బి. మెమరీ గల యంత్రములో విండోస్ 11 వేసినవాడు వేగమును పొందడు, ఉన్నదానిని కూడ పోగొట్టుకొనును. “కనీసము 4 జి.బి.” అను మాటకు, అంతటితో సిస్టము తెరచుకొనునని అర్థము, హాయిగా పనిచేయునని కాదు. బ్రౌజరు, పాఠపు వీడియో, పట్టిక మూడును ఒకేసారి తెరచు ఉపాధ్యాయునకు 8 జి.బి. కావలెను. డిస్కు మార్చి, మెమరీ పెంచినచో పాత సిస్టమే ఆశ్చర్యకరముగా వేగమును పుంజుకొనును. పాఠశాలలో రెండు యంత్రములు దొరికినచో, ఒకదానికి ఎస్.ఎస్.డి. అమర్చి, రెండింటిలోను మేల్కొనుటకు పట్టు కాలమును మూడేసిసార్లు గడియారముతో కొలిచి, సగటు తీయించుట విద్యార్థులకు మంచి ప్రయోగము.

తెలుగు వ్రాత మాట

పాత సిస్టమును విడువలేకుండుటకు తెలుగునాట ప్రత్యేకమైన కారణము ఒకటి కలదు. డి.టి.పి. దుకాణములలోను, పాఠశాలలలోను ప్రశ్నపత్రములు, శుభలేఖలు, కరపత్రములు ఏండ్ల తరబడి అను ఫాంట్లతో, పేజిమేకరు ప్రోగ్రాములో తయారైనవి. పేజిమేకరు 7.0 వెలువడినది 2001లో; దానిపిమ్మట పెద్ద కూర్పు ఏదియు రాలేదు. అట్టి ఫైళ్ళ గుట్టను కదల్చుటకు భయపడి యంత్రమును పాతస్థితిలోనే ఉంచువారు కలరు.

ఆ భయమునకు మూలము సిస్టము కాదు, అక్షరములను భద్రపరచిన పద్ధతి. అను వంటి ఫాంట్లు, ఆంగ్లాక్షరములకును గుర్తులకును కేటాయించిన సంఖ్యల స్థానములో తెలుగు అక్షర ఖండములను అమర్చుకొనును. ఆ ఫాంటు లేని యంత్రములో అదే ఫైలు అర్థములేని ఆంగ్లాక్షరముల గుంపుగా కనబడును. యూనికోడు పద్ధతిలో తెలుగునకు స్వంత స్థానములు కలవు: 3072 మొదలు 3199 వరకు. అందులో “అ” సంఖ్య 3077, “క” సంఖ్య 3093. ఏ సిస్టములోనైనను, ఏ ఫోనులోనైనను ఆ సంఖ్య మారదు.

2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పిలో గౌతమి అను తెలుగు ఫాంటు చేరినది. కాని దానిని వాడుటకు సెట్టింగులలో ఒక గడిని గుర్తించి, సి.డి. పెట్టి, అదనపు ఫైళ్ళు ఎక్కింపవలసి యుండెడిది. 2019 నాటి సవరణతో విండోస్ 10లో ఉచ్చారణ ననుసరించి తెలుగు వ్రాయు కీబోర్డు కూడ లభించినది. విండోస్ 11లోను అదియే కలదు. కావున తెలుగు వ్రాతకై 10ని విడిచి 11కు పోవలసిన పనియు లేదు, 11ను చూచి జంకవలసిన పనియు లేదు. చేయవలసిన పని వేరొకటి: పాత ఫైళ్ళలో విలువైనవానిని ఏరి యూనికోడులోనికి మార్చుకొనుట. ఆ పని పూర్తియైననాడు ఏ సిస్టమైనను సేవకుడగును. కానంతవరకు పాత సిస్టమే యజమాని.

కొత్తదాని దోషములు

విండోస్ 11ను ప్రశంసించువారు చెప్పని దోషములు కొన్ని కలవు. గృహవినియోగపు కూర్పును మొదటిసారి నెలకొల్పుటకు ఇంటర్నెట్టును, మైక్రోసాఫ్టు ఖాతాను కోరును. నల్లమల అంచు గ్రామములలో ఫోను సంకేతము అందని చోటులు కలవు. అచటివారికి ఇది ఊరు దాటవలసిన పని. సిస్టము మొత్తమును దిగుమతి చేసుకొనవలెనన్న 5 జి.బి.కి పైబడును. సెకనునకు 2 మెగాబిట్లు అందుచోట 5 జి.బి.కి 20,000 సెకన్లు, అనగా అయిదున్నర గంటలకు పైగా పట్టును. దినమునకు 1.5 జి.బి. ఇచ్చు ఫోను ప్లానుతో ఒక్కరోజున పూర్తికానే కాదు. పట్టణమున ఒకసారి 8 జి.బి. పెన్‌డ్రైవులోనికి ఎక్కించుకొని పాఠశాలలోని యంత్రములన్నిటికి వాడుట తెలివిగల పద్ధతి.

రెండవ దోషము ఇంకను తీవ్రమైనది. 2024 కూర్పు మొదలుకొని, కొత్తగా నెలకొల్పిన పెక్కు యంత్రములలో డిస్కు దానంతట అదియే సంకేతలిపిలోనికి మారును. ల్యాప్‌టాపు దొంగ చేతికి చిక్కినప్పుడు ఇది గొప్ప రక్షణ. కాని దానిని విప్పు పొడవైన తాళపు సంఖ్య మైక్రోసాఫ్టు ఖాతాలో ఉండును. ఖాతాను దుకాణదారుచేత తెరిపించుకొని, సంకేతపదము మరచిన ఉపాధ్యాయుడు, యంత్రము ఆ సంఖ్యను అడిగిననాడు తన ఫైళ్ళకు తానే పరాయివాడగును. సిస్టము మార్చిన దినముననే ఆ సంఖ్యను కాగితముపై వ్రాసి బీరువాలో దాచుకొనవలెను.

మూడవది: సవరణలును ఒక్కొక్కప్పుడు ప్రమాదహేతువులు కావచ్చును. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రయిక్ అను భద్రతా సంస్థ పంపిన దోషయుక్తమైన సవరణ వలన సుమారు 85 లక్షల విండోస్ యంత్రములు నిలిచిపోయినవి. హైదరాబాదు విమానాశ్రయమున ప్రయాణికులకు చేతివ్రాత పాసులు ఇచ్చిరి. దీనినుండి సవరణలు వలదను సిద్ధాంతము రాదు. ముఖ్యమైన ఫైళ్ళకు వేరొకచోట ప్రతి ఉండవలెనను సిద్ధాంతము వచ్చును.

మూడవ మార్గము

పాత విండోస్, కొత్త విండోస్ అను రెండే మార్గములున్నట్లు సాగు చర్చ అసంపూర్ణము. 1991లో ఫిన్లండు విద్యార్థియైన లైనస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన లినక్సు ఆధారముగా అనేక సిస్టములు ఉచితముగా లభించుచున్నవి. ఉబుంటు, లినక్సు మింట్ అందులోనివి. లినక్సు మింట్ 2 జి.బి. మెమరీతోనైనను నడుచును, 4 జి.బి. ఉన్న మేలు. టి.పి.ఎం.ను కోరదు. చెన్నైలోని సి-డాక్ సంస్థ బాస్ అను భారతీయ కూర్పును రూపొందించి 2007లో విడుదల చేసినది. స్వేచ్ఛ అను సంస్థ 2005 నుండి లినక్సును తెలుగులోనికి తెచ్చుటకు కృషి చేసినది.

ఇది పాఠశాలలకు సాధ్యమా అను సందేహమునకు కేరళ సమాధానము చెప్పినది. 2001లో ఐ.టి. అట్ స్కూల్ అను పథకమును ప్రారంభించి, ఆ దశాబ్దములోనే ప్రభుత్వ పాఠశాలల కంప్యూటరు బోధనను లినక్సు మీదికి మార్చినది. 2017లో ఆ పథకము కైట్ అను సంస్థగా రూపొందినది. అచట విజయమునకు కారణము ఉచిత సిస్టము ఒక్కటే కాదు. ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చిరి, పాఠ్యపుస్తకములను దానికి తగినట్లు వ్రాసిరి. శిక్షణ లేక లినక్సు వేసి తలుపు మూసినచో అది మూలబడుట నిశ్చయము.

దీనికిని పరిమితులు కలవు. పేజిమేకరు వంటి విండోస్ ప్రోగ్రాములు నేరుగా నడువవు. కొన్ని ప్రింటర్లు, స్కానర్లు మొరాయించును. కాని పదవ తరగతి నామినల్ రోల్సు, యుడైస్ వివరములు నింపుట వంటి కార్యాలయపు పనులు నేడు చాలవరకు బ్రౌజరులో జరుగునవే. బ్రౌజరు, పట్టిక, వ్రాతపని, వీడియో పాఠము ఇంతటితో సరిపోవువానికి లినక్సు లోటు చేయదు. పెన్‌డ్రైవు నుండి నడిపి చూచి, నచ్చిన పిమ్మటనే డిస్కులోనికి ఎక్కించు సౌకర్యము దీనిలో కలదు. ఈ పరీక్షకు ఖర్చు లేదు.

నిర్ణయము

పై విచారణనుబట్టి తేలునది ఏమనగా, సిస్టమును ఎన్నుకొనుటకు ముందు యంత్రమును, చేయు పనిని చూడవలెను.

యంత్రము విండోస్ 11కు అర్హమై, 8 జి.బి. మెమరీయు, ఎస్.ఎస్.డి.యు ఉన్నచో ఆలస్యము లేక మారుటయే యుక్తము. అర్హమా కాదా అని చెప్పుటకు మైక్రోసాఫ్టు వారి పి.సి. హెల్త్ చెక్ అను ఉచిత ప్రోగ్రాము కలదు. అది “టి.పి.ఎం. లేదు” అన్నంత మాత్రమున నిరాశ చెందరాదు. పెక్కు యంత్రములలో అది ఉండియు, మూల సెట్టింగులలో ఆపివేయబడి యుండును. తెలిసినవారిచేత తెరిపించిన చాలును.

యంత్రము అర్హమైనను డిస్కు, మెమరీ చాలనిచో మొదట వానిని మార్చి, పిమ్మట సిస్టమును మార్చవలెను. క్రమము తారుమారైనచో నింద కొత్త సిస్టముపై పడును.

యంత్రము అర్హము కానిచో, పని బ్రౌజరుకు, వ్రాతకు పరిమితమైనచో లినక్సు తగినది. అడ్డదారిన విండోస్ 11ను బలవంతముగా వేయుట కలదు గాని, అట్టి యంత్రములకు సవరణలు అందునను హామీ లేదు. సవరణలకొరకే కదా ఈ మార్పు!

విండోస్ ప్రోగ్రాము తప్పనిసరియైన అనర్హ యంత్రమునకు రెండు ఉపాయములు. మొదటిది గడువు పెంపు. 2025లో ప్రకటించిన ఏర్పాటు ప్రకారము ఇండ్లలోని విండోస్ 10కు 2026 అక్టోబరు 13 వరకు భద్రతా సవరణలు అందును. సెట్టింగులను మైక్రోసాఫ్టు ఖాతాతో జతపరచినవారికి ఉచితము, కానివారికి 30 డాలర్లు. విద్యాసంస్థలకు మూడేండ్లపాటు పెంపు కలదు. యంత్రమునకు మొదటి ఏడు 1 డాలరు, రెండవ ఏడు 2, మూడవ ఏడు 4. ఇది పరిష్కారము కాదు, పరిష్కారమునకు దొరకిన వ్యవధి. రెండవది, ఆ యంత్రమును ఇంటర్నెట్టు నుండి విడదీసి, వ్రాతకు, అచ్చుకు మాత్రమే వాడుకొనుట. విండోస్ 7, ఎక్స్‌పి యంత్రములకు ఈ రెండవ ఉపాయమే శరణ్యము. ఎక్స్‌పికి మద్దతు 2014 ఏప్రిల్ 8ననే ముగిసినది.

వాడిన ల్యాప్‌టాపును కొనువారు “ఐ5” అను పేరును మాత్రమే చూచి సంతృప్తి చెందరాదు. దాని ప్రక్కనున్న సంఖ్యను చదువవలెను. ఐ5-6300యు అనినచో 6వ తరము, ఐ5-7200యు అనినచో 7వ తరము, ఐ5-8250యు అనినచో 8వ తరము. మొదటి రెండింటిని విండోస్ 11 అంగీకరింపదు. పైకి మూడును ఒకే తీరున మెరయును. ఈ ఒక్క అంకెను చదువ నేర్చిన విద్యార్థి తన తండ్రి కష్టార్జితమును కాపాడగలడు.

ఏ మార్గము తొక్కినను ముందుగా చేయవలసిన పని ఒకటి కలదు. ఫైళ్ళన్నిటికి ప్రతులు తీసి, ఒకటి వేరు డిస్కులో, ఇంకొకటి వేరొకచోట ఉంచవలెను. సిస్టమును దుకాణములో మరల వేయించుకొనవచ్చును. యంత్రమును మరల కొనవచ్చును. పది సంవత్సరముల పాఠములను మాత్రము ఏ దుకాణమును అమ్మదు.